కప్పపాల మీద నేను చెప్పిన సాక్ష్యం

సుగుణక్క ఆపరేషన్ చేయించుకోకుండా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసిందన్న కబురు నాకు మొదట తెచ్చింది కరుణమ్మ పిన్ని. సంతోషంగా తెచ్చింది. మా చర్చి సంఘంలో స్త్రీల ప్రార్థన కూడిక నడిపించేది ఆవిడే. అందరం పిన్ని అంటాం గానీ ఎవరికీ చుట్టం కాదు. బొమ్మనహళ్ళిలో మా గుమ్మం ముందు చెప్పులు విడుస్తూనే, "నీ సాక్ష్యం పని చేసిందే పాపా! సుగుణ కోతకి పోలేదంట. నీ మందొచ్చేదాకా ఆగతాదంట" అంది. నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది.

ఆ మాట అప్పటినుంచి నా లోపలే ఉంది. ఏళ్ళు గడిచాయి. బండరాయిలా ఉందని అనను, రాయి శుభ్రంగానైనా ఉంటుంది. ఇది పాచిపోయిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నట్టుంది. మింగలేకపోయాను. ఉమ్మలేకపోయాను. దాన్ని అలాగే బుగ్గన పెట్టుకుని పాటలు పాడాను, ప్రార్థనలు చేశాను, పెళ్ళిళ్ళకి వెళ్ళి నవ్వాను.

ఎందుకంటే పిన్ని ఆ కబురు తెచ్చేటప్పటికే, ఆ మందు మందు కాదని నాకు తెలుసు.

ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మధ్యలో ఎక్కడో మెత్తబడి, అటూ ఇటూ తిప్పి, నన్ను నేను మంచిదాన్ని చేసుకుంటానేమోనని భయం. ఆ పని నాకు బాగా వచ్చు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు మూర్ఛలొచ్చేవి. తరగతిలో పడిపోతే పిల్లలు నవ్వుతారని అమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పింది. లెక్కలు, ఇంగ్లీషు, కన్నడం, అన్నీ అమ్మే. వాటన్నిటికంటే గట్టిగా నేర్పింది ఒకటుంది. దేన్నైనా కృతజ్ఞతగా మార్చుకోవడం. మూర్ఛ వచ్చి నాలుక కొరుక్కున్న రోజు కూడా, లేవగానే నా నోటి నుంచి మొదట రావలసింది స్తోత్రమే. వాన పడితే స్తోత్రం, పడకపోతే స్తోత్రం. అమ్మని తప్పుపట్టడం లేదు. ఆ అలవాటే నన్ను చాలా కష్టాల్లో నిలబెట్టింది. కానీ చెడ్డదాన్ని చెడ్డదని, పొరపాటుని పొరపాటని అనే మాటలు మా ఇంట్లో చాలా తక్కువగా ఉండేవి. ఉండి ఉంటే నేను వాడుకునేదాన్నా? తెలియదు. బహుశా వాడేదాన్ని కాదు.

మందులతో మూర్ఛలు అదుపులోకొచ్చాక, సంఘంలో ఒకరి సాయంతో హూడి వైపు ఒక చిన్న పరిశోధనశాలలో పని దొరికింది. పేరు రాయను, వాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. జంతువుల నుంచి వచ్చే వాటిలో క్యాన్సర్‌కి పనికొచ్చేది ఏదైనా ఉందేమోనని అక్కడ వెతికేవాళ్ళు. తేలు విషం, నత్త జిగురు, అలాంటివి. నేను చేరేటప్పటికి కప్పల మీద నడుస్తోంది. మామూలు కప్పలు కాదు, ఒళ్ళంతా పులిపిర్లున్న గోధుమరంగు బోదురు కప్పలు. వానలు పడ్డాక దేవనహళ్ళి వైపు తోటల్లోంచి తడి గోనెసంచుల్లో వచ్చేవి.

నా పని గాజు సామాను కడగడం, ఎలుకలకి మేత పెట్టడం, కప్పల్ని పట్టుకోవడం. వాటికి కళ్ళ వెనక ఉబ్బెత్తుగా ఒక గ్రంథి ఉంటుంది. దాన్ని రెండువైపులా నొక్కితే తెల్లగా, చిక్కగా, పాలలాంటిది చిమ్ముతుంది. మేము కప్పపాలనే అనేవాళ్ళం. గాజుపలక మీద పడ్డ కాసేపటికి పచ్చబడి, బంకలా సాగి, ఎండితే పెచ్చులు కడుతుంది. వాసన చెప్పలేను. బురదలో మాంసం నానబెట్టినట్టు. నొక్కేటప్పుడు కప్ప గిలగిలా కొట్టుకుని నా చేతుల్లోనే మూత్రం పోసేది. కొన్నిటికి తోలు కూడా ఒలిచేవాళ్ళు. ఆ తోళ్ళు సీసాల్లో స్పిరిట్‌లో మునిగి, మడతలు పడి, వేళ్ళతో సహా తేలుతుండేవి. నాకంటే ముందు చేరిన ఆమె వాటిని చూసి వాంతి చేసుకుని మానేసిందట.

నేను మానలేదు. మొదటి రోజు చేతి తొడుగులు వేసుకున్నా రోత వేసింది. అయినా స్తోత్రం అనుకుని నొక్కాను. పాకే జీవుల్లో కూడా దేవుడు ఏదో దాచి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నాళ్ళకి రోత పోయింది. పోయిందని గర్వం వచ్చింది. అది గర్వమని అప్పుడు తెలియలేదు, దాన్ని కూడా కృతజ్ఞతే అనుకున్నాను.

ఒకరోజు మేడం నన్ను పిలిచి ఒక ప్లాస్టిక్ పళ్ళెం చూపించారు. మేడం అంటే ఆ పరిశోధన చూసే శాస్త్రవేత్త, కోస్తా వైపు మనిషి. ఆ పళ్ళెంలో వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో క్యాన్సర్ కణాల్ని పెంచి, మేము తీసిన సారం వేసి, తర్వాత ఒక రంగు కలుపుతారు. కణాలు బతికున్న గుంట ఊదారంగుకి తిరుగుతుంది. చచ్చిన గుంటకి ఆ రంగు రాదు. ఒకవైపు గుంటలన్నీ ఊదా. కప్పపాలు వేసిన వైపు ఊదా జాడ లేదు.

"చూశావా, ఒక్కటి మిగల్లేదు" అన్నారు మేడం. ఆవిడ అన్నది అంతే.

ఆ వారం కూడికలో నేను లేచి నిలబడ్డాను. మాలో అదొక పద్ధతి. పాటలయ్యాక, ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. దాన్నే సాక్ష్యం అంటాం. నేను బాగా చెబుతానని పేరు. బడికి పోని పిల్ల ఎంత చక్కగా చెబుతుందో అనేవాళ్ళు. ఆరోజు కప్పల గురించి చెప్పాను. రోత పుట్టించే జీవిలో దేవుడు మందు దాచాడని, క్యాన్సర్ చచ్చిపోవడం నా కళ్ళతో చూశానని, నా ఈ చేతులతోనే ఆ పాలు పితికానని. చేతులు ఎత్తి చూపించాను కూడా. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. హాలంతా స్తోత్రం అంది. సుగుణక్క రెండో వరసలో కూర్చుని ఉంది. ఆమె రొమ్ములో గడ్డ ఉందని అప్పటికి నాకు తెలియదు. ఇది నిజం. ఇంతవరకు నేను అమాయకురాలినే.

ఆ తర్వాత కాదు.

ఇంకో పళ్ళెం వచ్చింది. ఈసారి అందులో ఉన్నవి మంచి కణాలు, రోగం లేనివి. వాటి మీదా అదే సారం వేశారు. రంగు కలిపారు. ఊదా రాలేదు. ఒక్క గుంటలోనూ రాలేదు. అదే వారం, సారం ఎక్కించిన ఎలుకలు కాళ్ళు చాచి బిగుసుకుపోయి కనిపించాయి. వాటి గూళ్ళు కడిగింది నేనే. నా ముఖం చూసి మేడం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "ఇది మందు కాదమ్మా, విషం. క్యాన్సర్‌నీ చంపుతుంది, మంచిదాన్నీ చంపుతుంది. ఫినాయిల్ పోసినా చచ్చేవే అవి. పళ్ళెంలో చావడం వేరు, మనిషి బతకడం వేరు. కప్పలు ఇక చాలు, నత్తలు చూద్దాం."

నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి వీల్లేనంత స్పష్టంగా అర్థమైంది.

అప్పుడే లేచి చెప్పాల్సింది. కానీ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మాలో లేదు. ఉద్యోగం దొరికిందని స్తోత్రం చెప్పినవాళ్ళు వారం తిరక్కుండా అది పోయినా మళ్ళీ లేచి పోయిందని చెప్పరు. జ్వరం తగ్గిందని చెప్పినవాళ్ళు అది తిరగబెట్టినా చెప్పరు. దేవుడు ఇచ్చాడన్నదాన్ని ఇవ్వలేదని ఏ నోటితో అనాలి? నేను అబద్ధం చెప్పానని అనుకోరూ? దేవుడు అబద్ధమాడాడని అనుకోరూ? ఇవన్నీ నాకు నేను వేసుకున్న పెద్ద పెద్ద ప్రశ్నలు. వాటి అడుగున ఉన్నది చాలా చిన్నది. ఎత్తి చూపించిన చేతుల్ని దించుకోవడం నాకు ఇష్టం లేదు.

అలా నోరు మూసుకుని ఉండగానే పిన్ని ఆ కబురు తెచ్చింది. మర్నాడు సాయంత్రం సుగుణక్క ఇంటికి వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. కనీసం దారిలో అలాగే అనుకున్నాను.

ఆమె గార్మెంట్స్‌లో పనిచేసేది. కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. భర్త టెంపో నడిపేవాడు, ఆ వేళకి ఇంట్లో లేడు. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రాప్పా కప్పలమ్మా" అంది. ఆ పేరు ఆమె పెట్టిందే. "ఏమంటా ఉండారు నీ మొగుళ్ళు?"

"బాగుండారక్కా."

"వాళ్ళల్లో ఒగడు నా పానం కాపాడతాడని ఎవురనుకుండె!" పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ డాక్టరు సుమ్నే, ఊరికే బెదిరిస్తాడప్పా. గడ్డ ఇంతే ఉండాది, చింతగింజంత. ఇప్పుడే తీసేస్తే సరిపోతాదంట. తీసేసేకి అదేమన్నా చొక్కాకి దారమా? నాకి ఆ కత్తంటే బయ్యమప్పా. మా చర్చిలో పాప మందు చేస్తా ఉండాది, వచ్చేదాకా ఉంటానని చెప్పేసి వచ్చేస్తిని."

నేను చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను.

"ఒగ మాట అడగతా, నిజం చెప్పు. నువ్వు కండ్లారా చూస్తివి కదా, అది చచ్చేది?"

"చూస్తినక్కా."

"ఆగేదా, పోయేదా? నువ్వు పొమ్మంటే రేపే పోతా. నువ్వు అబద్దం చెప్పవు, నాకి తెలుసు."

పొమ్మనాలి. అంత చిన్న మాట. నోరు తెరిచాను. అందులోంచి వచ్చింది ఇది: "ప్రార్థన చేసుకో అక్కా. దేవుడు ఏది చూపిస్తే అది చెయ్యి."

ఆమె ముఖం వెలిగింది. "దేవుడు నిన్నే కదప్పా చూపించినాడు" అంది. "అయితే ఆగతా."

నేను ఆమెకి ఏ సీసా ఇవ్వలేదు, ఏ పసరూ తాగించలేదు. చేతులకి ఏమీ అంటలేదు. ఎన్నో ఏళ్ళు ఆ ఒక్కదాన్నీ పట్టుకుని వేలాడాను. నేను ఆగమని చెప్పలేదు కదా, ప్రార్థన చేసుకోమన్నాను కదా. ఎంత నున్నగా ఉందో చూడండి ఆ మాట! దేవుణ్ణి మా ఇద్దరి మధ్యలోకి లాగి, ఆయన వెనక దాక్కున్నాను. ఇంతకంటే మురికి పని ఏ గోనెసంచిలోనూ నేను చూడలేదు.

తర్వాత ఆమె కలిసినప్పుడల్లా అడిగేది. నేను "పరీక్షలు జరుగుతా ఉండాయక్కా" అనేదాన్ని. అది అబద్ధం కాదు. జరుగుతూనే ఉన్నాయి. కప్పల మీద కాదు, నత్తల మీద. నిజాన్ని ఎంత సన్నగా కోస్తే అబద్ధమవుతుందో నాకు అప్పుడు బాగా పట్టుబడింది.

ఆమె కూడికలకి రావడం తగ్గింది. తర్వాత మానేసింది. ఒకరోజు కబురు పంపింది, కప్పలమ్మని ఒకసారి రమ్మనండని. వెళ్ళాను. తలుపు తీయగానే వాసన కొట్టింది. కిటికీలో నిమ్మకాయలు కోసి పెట్టారు, నేలంతా ఫినాయిల్‌తో తుడిచారు. అయినా వస్తోంది. గడ్డ పగిలి బయటికొచ్చింది. రవిక లేదు. ఛాతీ మీద మడతలు పెట్టిన పాతగుడ్డ, అది తడిసి పచ్చగా అంటుకుపోయి ఉంది.

నన్ను చూసి నవ్వబోయింది. "అందురూ మొగం తిప్పుకుంటా ఉండారప్పా. ఆయన కూడా. నువ్వు కప్పల్నే ముట్టుకున్నదానివి, నీకి రోత ఉండదు కదా. ఈ గుడ్డ ఒగటి మార్చిపోతావా?"

నాకు రోత వేసింది. ఇన్నాళ్ళూ పోయిందనుకున్నదంతా ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది. నేను గుడ్డ మార్చలేదు. బస్సు తప్పిపోతుందన్నానో, మళ్ళీ వస్తానన్నానో. చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటపడి, సందు చివర కాలవ పక్కన వాంతి చేసుకున్నాను. కప్పల గది నన్ను ఎన్నడూ అలా చేయలేదు. ఏది చూసి కక్కాను? ఆమె పుండునా? ఆ పుండులో నా మాట కనిపించినందుకా? రెండోదే అని చెప్పుకుంటే నాకు కాస్త గౌరవంగా ఉంటుంది. అందుకే నమ్మను. నేను ఆమె ఒంటిని చూసి పారిపోయాను. అంతే.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తీసేయడానికి వీల్లేనంత పాకిందన్నారు. ఎక్కువ రోజులు ఉండలేదు.

సమాధుల దగ్గర పిన్ని నన్ను ముందుకి తోసింది, ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని. చెప్పాను. సుగుణక్క ఎంత విశ్వాసంతో ఎదురుచూసిందో చెప్పాను. అలాంటి అక్కని ఇచ్చినందుకు స్తోత్రం అన్నాను. భర్త నా కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు, చివరిదాకా ఆమెకి ధైర్యం ఇచ్చింది నువ్వేనమ్మా అని. నేను అతని భుజం తట్టాను. ఇదే నోరు. ఇదే చెయ్యి.

ఇన్నేళ్ళు గడిచాక ఇప్పుడెందుకు అంటారా? ఈమధ్య మా సంఘం వాళ్ళ ఫోన్లలోకి ఒక వీడియో వచ్చింది. తేలు విషం క్యాన్సర్‌ని కరిగిస్తుందని, పెద్ద ఆసుపత్రులు ఈ సంగతి దాస్తున్నాయని. దాని కింద కరుణమ్మ పిన్ని పెట్టిన వాయిస్ మెసేజ్: "మాకిది కొత్త కాదు. కప్పల్లో మందుండాదని మా పాప ఎప్పుడో సాక్ష్యం చెప్పె." ఆమె గొంతులో అదే సంతోషం. నా సాక్ష్యం చావలేదు. సుగుణక్క పోయింది, అది మాత్రం బతికి తిరుగుతోంది.

ఆ మధ్యాహ్నమే పిన్ని ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. సగంలోనే ఆమె లేచి వీధి తలుపు వేసింది. మొత్తం విన్నాక కన్నీళ్ళు పెట్టుకుంది. తర్వాత నా నోటి మీద చెయ్యి పెట్టి, సుగుణ పోయే గడియ వచ్చింది, పోయింది, దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడు, ఇది మళ్ళీ ఎవరి ముందూ అనొద్దు, సంఘం చెదిరిపోతుంది అంది. ప్రేమగానే అంది. ఆ చెయ్యి మెత్తగా, పసుపు సబ్బు వాసన వేస్తూ నా పెదాల మీద ఉంది. నాకు మళ్ళీ అదే వికారం. ఇంత తేలిగ్గానా? ఆమె ఎవరు ఆ క్షమ ఇవ్వడానికి? నేనెవరిని పుచ్చుకోవడానికి? క్షమించవలసిన మనిషి గుడ్డ మార్చమని అడిగితే పారిపోయినదాన్ని.

అందుకే మీకు రాస్తున్నాను, ముఖం తెలియని మీకు. ఏ సంఘంలోనైనా, ఏ ఇంట్లోనైనా, ఎవరి ఫోన్‌లోనైనా కప్పపాలు క్యాన్సర్‌ని చంపడం ఒకమ్మాయి కళ్ళారా చూసిందట అని మీరు విని ఉంటే, ఆ అమ్మాయిని నేనే. నేను చూసింది ఒక ప్లాస్టిక్ పళ్ళెం. అది మందు కాదు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే డాక్టరు రమ్మంటే వెళ్ళండి. ఈ మాట చెప్పవలసిన రోజున, చెప్పవలసిన గుమ్మంలో చెప్పలేదు. ఇప్పుడు చెప్పినందువల్ల ఆమెకి ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం, ఈ వాక్యం రాశాక, నోట్లో కాస్త గాలి ఆడుతోంది. అదైనా నాకు దక్కవలసిందేనా? తెలియదు. రాసిందైతే రాశాను. దీన్ని స్తోత్రంగా మార్చను.

నా పేరు రాయలేదు, పిరికిదాన్ని. ఆమె పేరు మాత్రం దాచలేదు. కూడికలో పాట పాడేటప్పుడు ఆమె అందరికంటే ముందు చరణంలోకి దూకేసేది, తప్పు తెలిశాక ఆపకుండా ఇంకా గట్టిగా పాడేది. బస్సులో ముసలివాళ్ళకి లేచి చోటిచ్చి, ఆ తర్వాత దిగేదాకా వాళ్ళని ఏదో ఒకటి అని ఏడిపించేది. పచ్చిమామిడికాయని ఉప్పు లేకుండా ఒట్టి కారంతో తినేది. మీకు ప్రార్థన అలవాటుంటే అందులో, లేకపోతే ఊరికే ఒక క్షణం, ఆమెని తలుచుకోండి. నన్ను వద్దు. నా కోసం ఏమీ అడగొద్దు.

సుగుణ. గార్మెంట్స్‌లో దారాలు కత్తిరించిన సుగుణ. బతకాల్సిన మనిషి.